పొంగూ కుంగూ – ఇంట్లో ఉంచవలసిన లెక్క

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో ఖజానా శాఖ విశ్రాంత సీనియర్ అసిస్టెంట్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రాముఖ్యం మీకు నేను చెప్పనక్కర లేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, పెన్షన్ అనేది ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పు పేరు మీదనే మనం ఏటా కూడుతున్నాము. డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, బతికే ఉన్నామని ఇచ్చే ధ్రువీకరణ పత్రాలు, అన్నీ మాట్లాడుకుంటాము. షుగరు గురించి, గుండె గురించి, కంటి శుక్లాల గురించి డాక్టర్లను పిలిచి చెప్పించుకుంటాము. కాని వెనుక గదిలో తలుపు వేసుకుని నెలల తరబడి పడుకున్న కొడుకు గురించి, రాత్రంతా నిద్ర లేకుండా ఇల్లంతా కలియదిరిగే కూతురు గురించి ఈ మైకు ముందు ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. అటువంటి ఇళ్ళు మనలో లేక కాదు. చెప్పుకుంటే పిల్లల సంబంధాలు చెడతాయని, వీధిలో తలెత్తుకోలేమని భయం.

కార్యదర్శి గారు "ఆరోగ్యం మీద ఏదైనా మాట్లాడండి" అన్నారు. నేను డాక్టరును కాను. 37 ఏళ్ళు బిల్లులు పరిశీలించి పాస్ చేసిన గుమాస్తాను. అయితే నలభై ఏళ్ళుగా ఒక జబ్బుతో ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాను. దాని పేరు బైపోలార్ డిజార్డర్. జబ్బు నాది కాదు, మా తమ్ముడిది. వాడి అనుమతి తీసుకునే మాట్లాడుతున్నాను. "పేరు ఒక్కటి చెప్పకు. మిగతాదంతా చెప్పు అన్నయ్యా, ఎవరికన్నా పనికొస్తుంది" అన్నాడు.

ఏమిటీ జబ్బు?

పూర్వం దీన్ని మానిక్ డిప్రెషన్ అనేవారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తమ గ్రంథంలో బైపోలార్ అని పేరు మార్చింది. అంటే రెండు ధ్రువాలది అని అర్థం. మన భాషలో ద్విధ్రువ రుగ్మత అని రాస్తున్నారు గాని అది ఇంట్లో నోరు తిరిగే మాట కాదు. మేము పొంగు, కుంగు అంటాము. పాలు పొంగినట్టు మనసు పొంగే రోజులు కొన్ని. నేల కుంగినట్టు కుంగే రోజులు కొన్ని. మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, అందరిలాగా మామూలుగా ఉండే కాలం. ఆ మామూలు కాలమే మనల్ని మోసం చేస్తుంది. జబ్బు పోయింది అనుకుంటాము.

పొంగు అంటే ఉత్సాహం కాదు. మనవడు పుడితే మనకు కలిగే సంతోషం పొంగు కాదు. పొంగులో మనిషికి నిద్ర అవసరమే ఉండదు. రెండు గంటలు పడుకుని లేచి ఎనిమిది గంటలు పడుకున్నవాడి కన్నా హుషారుగా ఉంటాడు. మాట మీద మాట, ఆపితే కోపం. చేతిలో పైసా లేకపోయినా లక్షల పథకాలు. అడగనివాళ్ళకు దానాలు, అక్కరలేనివి కొనడం, ఎన్నడూ లేని దూకుడు. ముదిరితే తానే దేవుడు పంపిన మనిషిననో, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారనో నమ్ముతాడు. ఇది వారం రోజులు గాని అంతకు మించి గాని ఉంటే, లేదా ఆసుపత్రిలో చేర్చవలసినంతగా ముదిరితే, వైద్యులు మానియా అంటారు. అంత ముదరకుండా నాలుగు రోజులకు తక్కువ కాకుండా ఉండేది తేలిక రకం, దాన్ని హైపోమానియా అంటారు.

కుంగు దీనికి తలకిందులు. కనీసం రెండు వారాలు, తరచు నెలలు. స్నానం చేయడం కొండ ఎక్కినట్టు ఉంటుంది. ఆకలి ఉండదు, లేదా అదుపు లేని ఆకలి. ఏ పనిలోనూ రుచి ఉండదు. నేను ఎవరికీ అక్కరలేదు అన్న ఆలోచన, చివరకు చావు ఆలోచన. దీన్ని చూసి బద్ధకం అంటారు బంధువులు. తింటూ కూర్చున్నాడు అంటారు. జ్వరంతో పడుకున్నవాణ్ణి మనం అలా అంటామా?

ఈ జబ్బు చాలామందికి పద్దెనిమిది నుంచి ముప్ఫై ఏళ్ళ లోపల మొదలవుతుంది. అంటే మన పిల్లలు చదువు ముగించి ఉద్యోగం వెతికే వయస్సు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో వెయ్యికి సుమారు ఐదుగురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. వచ్చినవారిలో వందకు 70 మందికి వైద్యం అందడం లేదని అదే సర్వే తేల్చింది. జబ్బు కన్నా ఈ రెండో అంకె నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఎందుకు వస్తుంది? పెంపకం లోపం వల్ల కాదు. చేతబడి వల్ల కాదు, గాలి సోకడం వల్ల కాదు. మెదడులో మనసు వేగాన్ని, నిద్ర మెలకువల గడియారాన్ని నడిపే ఏర్పాటులో తేడా. వంశంలో ఉంటే అవకాశం పెరుగుతుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు పదింట ఒక వంతు అంటారు. అంటే పదిలో తొమ్మిదిమందికి రాదు. ఈ లెక్కను రెండో వైపు నుంచి కూడా చదవాలి.

మనలాంటి వయసు వారికి ఒక ముఖ్యమైన సంగతి. అరవై దాటాక జీవితంలో మొదటిసారిగా పొంగు కనబడితే, వెంటనే బైపోలార్ అని తేల్చుకోకూడదు. థైరాయిడ్ తేడా, మెదడులో చిన్న పక్షవాతం, ఆయాసానికి వాడే స్టెరాయిడ్ బిళ్ళలు ఇలాంటి లక్షణాలు తేగలవు. ముందు వాటిని చూడాలి.

మా ఇంటి సంగతి

మా తమ్ముడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. లెక్కల్లో దిట్ట. 1985లో, వాడికి 22 ఏళ్ళప్పుడు, మొదటి పొంగు వచ్చింది. వారం రోజులు నిద్ర లేదు. ఊరందరికీ అన్నదానం చేస్తానని కొట్లో నలభై బస్తాల బియ్యం అప్పు రాయించి వచ్చాడు. మా అమ్మ తాయెత్తు కట్టించింది. ఊరి పెద్దలు భూతవైద్యుడి పేరు చెప్పారు. అప్పటి మా డాక్టరు గారు మా అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ మెచ్చుకోబుద్ధవుతుంది. "తాయెత్తు ఉండనివ్వండమ్మా, దానితో నాకు పేచీ లేదు. నా బిళ్ళ మాత్రం మానకూడదు" అన్నారు. ఆ ఒక్క మాటతో మా అమ్మ డాక్టరు పక్షం చేరింది. మంచానికి కట్టేయడం, గొలుసులు వేయడం మా ఇంట్లో జరగలేదు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు కదలలేక 28 మంది కాలిపోయారు. ఇప్పుడు చట్టమే గొలుసు వేయడాన్ని నిషేధించింది.

మొదటిసారి వాడు కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది. 1988లో రెండోసారి వచ్చాక లిథియం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పుకుంటూ చక్కగా ఉన్నాడు. 1996లో "ఇంత బాగున్నానే, ఇంకా ఈ బిళ్ళలెందుకు" అని తనే మానేశాడు. కొద్ది నెలల్లో పొంగు వచ్చింది. ఏడు వారాలు వార్డులో ఉండవలసి వచ్చింది. బాగున్నాను కనుక మందు మానేస్తాను అనడం, గొడుగు ఉంది కనుక తడవలేదు, ఇక గొడుగెందుకు అన్నట్టు ఉంటుంది. ముఖ్యంగా లిథియం ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరిగి విరుచుకుపడే ప్రమాదం ఎక్కువ. ఆపాలంటే డాక్టరు చెప్పిన ప్రకారం నెమ్మదిగా ఆపాలి.

లిథియం కథ

లిథియం అంటే ఏదో మత్తు మందు అనుకునేవారున్నారు. అది ఉప్పు లాంటి ఒక లవణం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు, యుద్ధకాలంలో సింగపూర్‌లో జపానువారి చెరలో మూడేళ్ళకు పైగా ఉండి వచ్చినవాడు, 1949లో దీని గుణాన్ని ప్రకటించాడు. డెన్మార్కులో మోగెన్స్ షౌ అనే ఆయన 1950లలో పరీక్షలు చేసి నిరూపించాడు. షౌ గారి తమ్ముడికి కూడా మళ్ళీ మళ్ళీ వచ్చే కుంగు జబ్బు ఉండేది. లిథియంతో ఆయన కోలుకున్నాడు. ఈ సంగతి చదివిన రోజున ఎక్కడి డెన్మార్కు, ఎక్కడి గుంటూరు జిల్లా అనిపించింది. అమెరికాలో కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ అనే ప్రొఫెసర్ ఈ జబ్బు మీద వైద్యులు చదివే గ్రంథం రాసినవారిలో ఒకరు. తనకే ఈ జబ్బు ఉందని, లిథియం వాడుతున్నానని ఆమె 1995లో పుస్తకం రాసి లోకానికి చెప్పింది. జబ్బు ఉన్నంత మాత్రాన బుర్ర పనికిరాదు అనేవారికి ఇంతకంటే జవాబు అక్కర లేదు.

ఈ మందు ఖరీదు తక్కువ. పొంగును, కుంగును రెండింటినీ దూరం పెడుతుంది. ఆత్మహత్య ప్రమాదాన్ని కూడా తగ్గిస్తుందని వైద్యులు చెబుతారు. అయితే గుణానికీ విషానికీ మధ్య ఎడం తక్కువ. రక్తపరీక్షలో అంకె మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి. పెద్దవయసు వారికి ఇంకా తక్కువలో ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, తూలిపోవడం కనబడితే తరువాతి బిళ్ళ వేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. పరీక్షకు రక్తం రాత్రి బిళ్ళ వేసుకున్న 12 గంటలకు, ఉదయం బిళ్ళ వేసుకోకముందు ఇవ్వాలి. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించాలి.

ఇక్కడ మన పెన్షనర్ల ఇళ్ళకు ఒక హెచ్చరిక. మన ఇంట్లో మందుల డబ్బా అందరిదీ. 2019 మే నెలలో మా తమ్ముడికి నడుము పట్టేసింది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ బిళ్ళలు ఐదు రోజులు వేసుకున్నాడు. ఎండలు మండిపోతున్నాయి. ఆరో రోజు గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోతున్నాయి. పరీక్ష చేయిస్తే అంకె 1.8. రెండు రోజులు సెలైన్ ఎక్కిస్తే తేరుకున్నాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు, బి.పి.కి వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్, నీరు తీసే బిళ్ళలు, ఇవన్నీ లిథియం అంకెను పెంచగలవు. బి.పి. అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా పెరుగుతుంది. వాంతులు విరేచనాలైనా, చెమటలు పట్టి నీళ్ళు తాగకపోయినా పెరుగుతుంది. రోహిణి కార్తెలో నీళ్ళ చెంబు మందుతో సమానం. నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ ఫర్వాలేదని మా డాక్టరు చెప్పారు. బి.పి. డాక్టరుకు లిథియం సంగతి, మనసు డాక్టరుకు బి.పి. బిళ్ళల సంగతి చెప్పవలసినది మనమే. వారిద్దరూ ఒకరి కాగితం ఒకరు చూడరు.

లిథియం అందరికీ సరిపోదు. వేరే మందులున్నాయి. వాల్‌ప్రోయేట్ అనేది పిల్లలను కనే వయసులో ఉన్న ఆడపిల్లలకు తగదు, కడుపులోని బిడ్డకు హాని. పెళ్ళి కావలసిన కూతురు ఉన్నవారు ఇది గుర్తుంచుకుని డాక్టరును అడగాలి. మరొకటి. కుంగుతో డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు వెనుక ఎప్పుడైనా పొంగు వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. చెప్పకపోతే మామూలు డిప్రెషన్ అనుకుని దానికిచ్చే మందు ఒక్కటే ఇస్తారు. ఆ మందు ఒంటరిగా వాడితే కుంగులోంచి నేరుగా పొంగులోకి తోసేయవచ్చు.

రిజిస్టరు

1996 తరువాత మేము ఒక పని మొదలుపెట్టాము. గుమాస్తాను కదా, నాకు తెలిసిన విద్య అదొక్కటే. రెండు వందల పేజీల పుస్తకానికి గీతలు కొట్టి రిజిస్టరు చేశాను. గళ్ళు ఆరు. తేదీ. రాత్రి ఎన్ని గంటలు నిద్ర. మందు వేసుకున్నాడా. మనసు అంకె, మామూలుకు సున్న, పొంగుకు కూడిక మూడు దాకా, కుంగుకు తీసివేత మూడు దాకా. ఆ రోజు ఖర్చు. చివరిది రిమార్కులు. మొదట నేను రాసేవాణ్ణి. తరువాత వాడే రాయడం మొదలుపెట్టాడు, నేను చూసి పొట్టి సంతకం పెడతాను. నేను కాపలాదారుణ్ణి కాదని వాడికి తెలియాలి కదా, అందుకని నా బి.పి. అంకె రోజూ వాడు చూసి రాస్తాడు. నా లెక్క మీద వాడి సంతకం.

రెండేళ్ళు రాసేసరికి, అంతవరకు ఎవరికీ తెలియని సంగతి ఒకటి బయటపడింది. పొంగు ఎప్పుడూ చెప్పకుండా రాలేదు. మూడు నాలుగు రోజుల ముందు నిద్ర గడిలో ఏడు ఐదయింది, ఐదు మూడయింది. నిద్ర తగ్గడం జబ్బు లక్షణమే కాదు, జబ్బును లాక్కువచ్చే తాడు కూడా. అందుకే మా తమ్ముడు శివరాత్రికి జాగారం చేయడు. ఉదయాన్నే గుడికి వెళ్ళి వస్తాడు. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం ఉండడు. రంజాను ఉపవాసాలుండే సోదరులు కూడా నెల ముందే డాక్టరుతో మందు వేళలు మాట్లాడుకోవాలి. రాత్రి బస్సు ప్రయాణాలు మానుకున్నాడు. రోజూ ఒకే వేళకు పడుకోవడం, లేవడం, తినడం, నడవడం. వినడానికి చప్పగా ఉంటుంది. ఈ చప్పదనమే వాడికి సగం మందు.

2011లో మా అమ్మాయి పెళ్ళి. ఇంటి నిండా చుట్టాలు. మూడు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు. నాలుగో రోజు రిజిస్టరు చూస్తే నిద్ర మూడు గంటలు, ఖర్చు గడిలో ఎప్పుడూ లేని అంకె. ఆ సాయంత్రమే డాక్టరును కలిశాము. మందు సవరించారు. ఇంట్లో టీవీ ఆపాము, చుట్టాలను వేరే ఇంటికి పంపాము, వాడితో వాదించకుండా తగ్గుస్వరంతో మాట్లాడాము. పన్నెండు రోజుల్లో ఇంట్లోనే కుదుటపడ్డాడు. మొదటిసారి మూడు నెలలు, 1996లో ఏడు వారాలు, 2011లో పన్నెండు రోజులు. రిజిస్టరు చేసిన ఉపకారం ఈ మూడు అంకెలలో ఉంది.

మరొక కాగితం ఉంది మా ఇంట్లో. 1997లో వాడు మామూలుగా ఉన్నప్పుడు వాడే తెల్లకాగితం మీద రాశాడు. "వరుసగా రెండు రాత్రులు నాకు నాలుగు గంటల కన్నా తక్కువ నిద్ర పడితే బ్యాంకు పుస్తకం అన్నయ్యకు ఇస్తాను. ఆ నెలలో ఎక్కడా సంతకం పెట్టను. అప్పుడు నేను కాదన్నా ఈ కాగితమే చెల్లుతుంది." తరువాత ఎ.టి.ఎం. కార్డు, ఫోనులో డబ్బు పంపే ఏర్పాటు కూడా అందులో చేర్చాడు. పొంగులో ఉన్న మనిషితో డబ్బు గురించి వాదించి గెలవలేము. మామూలుగా ఉన్నప్పుడు వాడితోనే రాయించుకున్న మాట మాత్రం గెలుస్తుంది.

కుంగు రోజుల్లో

కుంగు వచ్చినప్పుడు ధైర్యం తెచ్చుకో, లే, నీకేం తక్కువ అనకండి. లేవగలిగితే లేచేవాడే. పక్కన కూర్చోండి. చిన్న పని చెప్పండి, కూరగాయలు తరగమనండి, నాలుగు ఇళ్ళ దూరం నడవమనండి. చావు ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు. అలా పుట్టదు. అడిగేవాడు ఒకడున్నాడని బరువు తగ్గుతుంది. పురుగుమందు ఇంట్లో ఉంచకండి. నెలకు సరిపడా బిళ్ళలు వాడి చేతికి ఇవ్వకుండా వారం వారం ఇవ్వండి. రాత్రిపూట దారి తోచకపోతే 14416 నంబరుకు ఫోను చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరు 10న మొదలైంది. రూపాయి ఖర్చు లేదు, రాత్రింబవళ్ళు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఎర్రగడ్డకు పంపాలి, వాల్తేరుకు పంపాలి అని మనం వేళాకోళానికి అంటూ ఉంటాము. ఆ ఆసుపత్రుల్లో ఎందరో కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు. కంటి ఆసుపత్రి పేరు చెప్పి ఎవరినీ వెక్కిరించము. ఈ రెండు ఊళ్ళ పేర్లనూ అలాగే వదిలేయండి. అలాగే పెళ్ళి చేస్తే కుదుటపడతాడు అనే సలహా కూడా. పెళ్ళి మందు కాదు. దాచి చేసిన పెళ్ళి రెండు కుటుంబాలకు జబ్బు.

చార్జి అప్పగింత

ఇప్పుడు నేను అసలు చెప్పదలచినది. నాకు 74 ఏళ్ళు. వాడికి 62. మీలో చాలామంది ఇళ్ళల్లో లెక్క ఇంతే, తల్లిదండ్రులు డెబ్భైలలో, బిడ్డ నలభైలలో. రాత్రి నిద్ర పట్టనప్పుడు మనకు వచ్చే ప్రశ్న ఒక్కటే. మన తరువాత ఎవరు?

ప్రభుత్వోద్యోగి బదిలీ అయినా, రిటైరైనా, చార్జి లిస్టు రాసి, తాళంచెవులు, రిజిస్టర్లు లెక్కపెట్టి అప్పగించి, రెండు సంతకాలు పడితే గాని గది దాటడు. కుర్చీకి, బీరువాకు అంత మర్యాద చేసినవాళ్ళం, ఇంట్లో మనిషి విషయంలో నోటిమాటతో వెళ్ళిపోదామా? కిందటి సంక్రాంతికి విజయవాడ నుంచి మా అమ్మాయి వచ్చినప్పుడు మేము ముగ్గురం కూర్చుని చార్జి లిస్టు రాశాము. వాడు లేకుండా వాడి గురించి రాయలేదు. అందులో ఏముందో చెబుతాను, మీరూ రాసుకోండి.

ఒకటి, జబ్బు పేరు, ఏ ఏ సంవత్సరాల్లో వచ్చింది, ఏ మందుకు తగ్గింది, ఏ మందు పడలేదు. రెండు, ఇప్పటి మందులు, వేళలు, వేయకూడని బిళ్ళలు, చివరి రక్తపరీక్షల కాగితాలు. మూడు, పొంగు ముందు గుర్తులు, కుంగు ముందు గుర్తులు. మా తమ్ముడి గుర్తు ఒకటి చెప్పనా? పొంగు వచ్చే ముందు వాడు నన్ను అన్నయ్యా అనడం మాని "ఏమండీ సీనియర్ అసిస్టెంట్ గారూ" అంటాడు. ఇది ఏ వైద్య గ్రంథంలోనూ ఉండదు. ఇంటివాళ్ళు రాసి పెట్టకపోతే ఇది మాతోనే పోతుంది. నాలుగు, డబ్బు, ఇల్లు, బ్యాంకు వివరాలు, వాడు రాసిన తెల్లకాగితం.

ఐదు, చట్టం ఇచ్చినవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం వైద్యం పొందడం హక్కు. నకారా తీర్పు మాట ఇక్కడా వర్తిస్తుంది, భిక్ష కాదు. తనకు జబ్బు ముదిరినప్పుడు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి ముందుగానే రాసి పెట్టుకోవచ్చు. తన తరఫున నిర్ణయించే ప్రతినిధిని తానే పేర్కొనవచ్చు. మా తమ్ముడు మా అమ్మాయి పేరు రాశాడు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి నేరస్థుడిగా కాక తీవ్రమైన మనోవేదనలో ఉన్నవాడిగా చూడాలని ఆ చట్టమే చెబుతుంది. బీమా కంపెనీలు శరీర జబ్బులతో సమానంగా మనసు జబ్బుకూ వైద్య బీమా ఇవ్వాలని చెబుతుంది.

ఆరు, మన పెన్షన్‌కు సంబంధించినది. 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో కుటుంబ పెన్షన్ గురించిన 50వ నిబంధన మీరు చదివే ఉంటారు. మానసిక లేదా శారీరక వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేని కొడుకు లేదా కూతురికి మామూలు వయోపరిమితి దాటినా కుటుంబ పెన్షన్ ఇచ్చే వెసులుబాటు అందులో ఉంది. బైపోలార్ ఉన్న ప్రతివారికీ ఇది రాదు. చాలామంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు, చేసుకోవాలి. నిజంగా సంపాదించలేని బిడ్డ ఉంటే మాత్రం వైద్య ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల వివరాల్లో ఆ బిడ్డ పేరు, ఇవి మనం బతికి ఉండగా సరిచేయాలి. మనం పోయాక ఆ బిడ్డ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగగలడా? కౌంటరుకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి కనుక చెబుతున్నాను, ఒక్క కాగితం తక్కువైతే ఫైలు ఎన్ని నెలలు ఆగుతుందో నాకు తెలుసు.

మా తమ్ముడు ఇప్పటికీ రోజూ ఉదయం ఆరు గంటలకు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాడు. జబ్బు పోలేదు, పోదు. కాని లెక్క మా చేతిలో ఉంది. షుగరు ఉన్నవాడు షుగరుతో బతికినట్టే వాడూ బతుకుతున్నాడు.

రిజిస్టరు నమూనా, చార్జి లిస్టు నమూనా జిరాక్సులు తీయించి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను. తీసుకున్నవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోరు. ఎవరికోసం అని ఎవరూ అడగరు. మీకు అవసరం లేకపోతే పక్కవారికోసమని తీసుకువెళ్ళండి.